తప్పు ఎంత శాతం?

2023 ఏప్రిల్. ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు అయిపోయి హాస్టల్ నుంచి ఇంటికొచ్చాను. మాది చిత్తూరు పక్కన చిన్న పల్లె. పది నెలలు ఫోన్ లేకుండా బతికినవాడికి అమ్మ ఫోన్ చేతికి దొరికితే ఎట్లుంటుందో మీకు చెప్పక్కర్లేదు. అరుగు మీద కూర్చుని రీల్స్ చూస్తూ పడీ పడీ నవ్వుతున్నా. పక్కన మంచం మీద నాయన, కాలు చాపుకుని ఉన్నాడు.

"ఏందిరా అంతగా నగతా ఉండావు?"

"అమెరికాలో ఒక ముసలాయన నాయనా. మంచు కొండ మీద జారుతా ఆడుకునేటప్పుడు సినిమా హీరోయిన్ వచ్చి గుద్దిందని కేసేసినాడు. కోట్లు అడిగినాడంట. ఓడిపోయినాడు. లోకమంతా నగతా ఉండాది."

నాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒకటే అడిగాడు. "దెబ్బ తగిలిందా ఆయనకి?"

నాకు తెలీదు. అప్పటికి ఆ కేసు మీద యాభై రీల్స్ అయినా చూసుంటాను. హీరోయిన్ వేసుకున్న స్వెటర్ రంగు తెలుసు, చేతిలో పట్టుకున్న నోట్‌బుక్ తెలుసు. ఆ పెద్దాయనకి దెబ్బ తగిలిందా లేదా అన్నది మాత్రం తెలీదు.

మన క్లబ్ పత్రికకి ఏదైనా రాయమన్నప్పుడు ఆ ప్రశ్నే గుర్తొచ్చింది. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం, కాబట్టి ఒత్తులు తప్పితే క్షమించండి. కోర్టు సంగతులు మాత్రం జాగ్రత్తగా చదివే రాస్తున్నాను.

అసలు ఆ కేసేంటి?

2016 ఫిబ్రవరి 26న అమెరికాలోని యూటా రాష్ట్రంలో, డీర్ వ్యాలీ అనే చోట, మంచు మీద స్కీయింగ్ చేస్తూ ఇద్దరు ఢీకొన్నారు. ఒకరు ఆస్కార్ అందుకున్న నటి గ్వినెత్ పాల్ట్రో. రెండోవారు కళ్ళ పరీక్షలు చేసే వృత్తి నుంచి రిటైరైన పెద్దాయన. ఆమె వెనక నుంచి వచ్చి గుద్దిందని, తన పక్కటెముకలు విరిగాయని, మెదడుకు దెబ్బ తగిలి మునుపటి మనిషిని కాలేకపోయానని ఆయన 2019లో దావా వేశాడు. మొదట 31 లక్షల డాలర్లు అడిగాడు. మన లెక్కలో ఇరవై కోట్ల రూపాయలకు పైమాటే. తర్వాత అది 3 లక్షల డాలర్ల పైచిలుకుకు తగ్గింది. ఆమె తిరిగి ఎదురు దావా వేసింది. వెనక నుంచి గుద్దింది ఆయనేనని, తనకి నష్టపరిహారంగా 1 డాలర్, లాయర్ల ఖర్చులు ఇప్పించాలని.

ఒక్క డాలర్ కోసం ఎవరైనా కోర్టుకెళ్తారా అని నాకూ అనిపించింది. ఆమెకి కావాల్సింది డబ్బు కాదు, "తప్పు నాది కాదు" అన్న మాట. సివిల్ కోర్టులో ఆ మాట దక్కాలంటే ఎంతో కొంత నష్టం చూపించి అడగాలి. అందుకే ఆ డాలర్.

మంచు మీద రూల్ చాలా సింపుల్. అలిపిరి మెట్లు దిగేటప్పుడు ఊహించుకోండి. కింద ఉన్నవాడికి వెనక ఎవరొస్తున్నారో కనబడదు, పైనుంచి వచ్చేవాడికి ముందున్నవాడు కనబడతాడు. కాబట్టి తప్పించుకోవాల్సిన బాధ్యత పైవాడిదే. స్కీయింగ్‌లోనూ అంతే. కేసు మొత్తం ఒకే ప్రశ్న మీద నడిచింది: ఢీకొనే ముందు కింద ఉన్నదెవరు?

విచారణ 2023 మార్చి 21న పార్క్ సిటీ అనే ఊరి కోర్టులో మొదలైంది. లైవ్‌లో ప్రపంచమంతా చూసింది. ఎముకల డాక్టర్లు, మెదడు డాక్టర్లు, వేగం లెక్కలు కట్టేవాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పారు. మార్చి 30న ఎనిమిది మంది జ్యూరీ సభ్యులు తేల్చారు. తప్పు నూటికి 100 శాతం ఆ పెద్దాయనదే. ఆమెకి 1 డాలర్ ఇవ్వాలి. కోర్టు నుంచి వెళ్తూ ఆమె ఆయన దగ్గర కాస్త వంగి "ఐ విష్ యూ వెల్" అంది.

జనం ఏం చూశారు?

ఆ నాలుగు ముక్కలే చూశారు. టీషర్టుల మీద వేసుకున్నారు, మీమ్స్ చేశారు. ఆ ప్రమాదం వల్ల మీకేం నష్టం జరిగిందని అడిగితే, సగం రోజు స్కీయింగ్ పోయిందని ఆమె చెప్పింది. అదింకా పెద్ద మీమ్. అదే ఏడాది చివర్లో లండన్‌లో ఈ కేసు మీద కామెడీ నాటకం కూడా ఆడారు.

జనం రెండు పార్టీలయ్యారు. "డబ్బున్న హీరోయిన్, పొగరు" అని ఒక పార్టీ. "ముసలాడు డబ్బు కోసం నాటకాలాడుతున్నాడు" అని ఇంకో పార్టీ. తీర్పు రెండో పార్టీకి అనుకూలంగా వచ్చింది. నాకు ఇబ్బందిగా తోచింది ఇక్కడే. డాక్టర్లు నోరు విప్పకముందే, మొదటి రోజు నుంచే, ఆయన్ని చూసి నవ్వారు. చివరికి తీర్పు వాళ్ళు అనుకున్నట్టే వచ్చింది కాబట్టి వాళ్ళ నవ్వు కరెక్ట్ అయిపోతుందా? పరీక్షలో గుడ్డిగా 'సి' టిక్ పెడితే మార్కు పడుతుంది గానీ లెక్క వచ్చినట్టు కాదు కదా.

బూలియన్, ఫ్లోట్

మన బ్రాంచ్ భాషలో చెప్తాను. జనం తప్పుని బూలియన్ వేరియబుల్‌లో పెడతారు. ట్రూ, లేదా ఫాల్స్. హీరో, లేదా విలన్. క్రిమినల్ కేసు కూడా చివరికి అట్లాంటిదే: నేరం చేశాడా, లేదా? అవతలి పక్షం ప్రభుత్వం. గెలిస్తే శిక్ష.

ప్రమాదం మీద వేసే సివిల్ కేసు ఫ్లోట్. ఎవరి తప్పు ఎంత శాతం? దెబ్బ తిన్నవాడికి పోయిందెంత? అందులో ఎవరెంత కట్టాలి? యూటా జ్యూరీ ముందు పెట్టిన ప్రశ్న కూడా శాతాల ప్రశ్నే. సున్నాకీ నూటికీ మధ్య ఏ అంకెైనా రాయొచ్చు. వాళ్ళు 100 రాశారు. అది వాళ్ళు సాక్ష్యం విని రాసిన అంకె.

మా ఇంట్లో శాతం

ఇప్పుడు నాయన మంచం మీద ఎందుకున్నాడో చెప్పాలి.

2021 నవంబర్‌లో, నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, తెల్లవారుజామున మోపెడ్ మీద పాల క్యాన్లు కట్టుకుని వెళ్తూ మెయిన్ రోడ్డు మీద కుడివైపు తిరిగాడు. వెనక వచ్చిన కారు గుద్దింది. కాలు విరిగి రాడ్ వేశారు. చిత్తూరులో కేసు వేశాం. రోడ్డు ప్రమాదాల నష్టపరిహారం కేసుల్ని 1988 మోటారు వాహనాల చట్టం కింద ట్రిబ్యునల్ వింటుంది. కారు ఓనరు ఇల్లు అమ్ముకుని కట్టాల్సిన పనిలేదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ చట్టప్రకారం తప్పనిసరి, డబ్బు కట్టేది ఇన్సూరెన్స్ కంపెనీ.

ఊళ్ళో చాలామందికి ఈ సంగతి తెలీదు. "పాపం ఆ కారాయన కొంప ముంచతా ఉండారు" అన్నారు. "కేసు కోసరం కుంటతా ఉండాడు" అన్నారు. "చీకట్లో పాలబండి ఎవరు తోలమన్నారు" అన్నారు.

పరిహారం లెక్క ఎట్లా కడతారో తెలుసుకుంటే ఇది లాటరీ కాదని అర్థమవుతుంది. మా నాయనవి కాదు, ఉదాహరణకి గుండ్రటి అంకెలు తీసుకుందాం. మనిషి వయసు 44, నెల సంపాదన 12,000 రూపాయలు. దెబ్బ వల్ల సంపాదించే శక్తి 20 శాతం తగ్గిందనుకుందాం. 2009లో సుప్రీంకోర్టు ఖాయం చేసిన పట్టిక ప్రకారం 41 నుంచి 45 ఏళ్ళ వాళ్ళకి గుణకం 14. ఏడాది సంపాదన 1,44,000. దాన్ని 14తో గుణిస్తే 20,16,000. అందులో 20 శాతం 4,03,200. ఆసుపత్రి ఖర్చులు, నొప్పికి ఇచ్చేది వేరే. ఇక దెబ్బ తిన్నవాడి తప్పు కూడా 25 శాతం ఉందని తేలితే, ఈ మొత్తంలో నాలుగో వంతు పోయి 3,02,400 మిగులుతుంది.

ఆ 25 అంకె నేను ఊరికే ఎంచుకోలేదు. ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు నాయన్ని అడిగాడు, తిరిగే ముందు వెనక్కి చూశారా అని. "లేదు సార్, క్యాన్లు అడ్డమొచ్చి వెనక అగపడలేదు" అన్నాడు నాయన. మా లాయరు తల పట్టుకున్నాడు. పోయిన ఏడు తీర్పు వచ్చింది. 75 శాతం కారుది, 25 శాతం నాయనది.

నాకు ఒళ్ళు మండింది. వెనక నుంచి గుద్దించుకున్నవాడికి శాతమేంటి? ఎందుకు నిజం చెప్పావని అరిచాను. నాయన మాత్రం నింపాదిగా, "నాలుగు పాళ్ళలో ఒక పాలు నాదే కదరా. మూడు ఆయనవి. సరిగ్గానే చెప్పినారు" అన్నాడు.

మూడేళ్ళు ఊరంతా "నీదే తప్పు" అంటుంటే తల దించుకుని తిరిగిన మనిషి. కోర్టు నాలుగో వంతు అని చెప్పాక, ఆ నాలుగో వంతు భుజానేసుకుని మిగతాది దించేశాడు.

డిసెంబర్ 4 రాత్రి

ఇదంతా జరుగుతుండగానే నేను చేసిన పని ఒకటి చెప్పాలి.

2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్య థియేటర్‌లో 'పుష్ప 2' ప్రీమియర్. అల్లు అర్జున్ వచ్చాడు, తొక్కిసలాట జరిగింది, ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాపాయంలో పడ్డాడు. అదే రాత్రి మా హాస్టల్ బ్యాచ్ తిరుపతిలో బెనిఫిట్ షోలో ఉంది. శేషాచలం కథ, మన చిత్తూరు యాస. సగర్వంగా ఈలలేశాం.

డిసెంబర్ 13న హీరోని అరెస్టు చేశారు. అదే రోజు హైకోర్టు మధ్యంతర బెయిల్ ఇచ్చింది, మరుసటి ఉదయం విడుదలయ్యాడు. హాస్టల్ రెండు ముక్కలైంది. హీరోదే తప్పు, కాదు థియేటర్‌ది, కాదు పోలీసులది. అసెంబ్లీలోనూ అదే చర్చ. హీరో ఇంటి మీద దాడి కూడా జరిగింది. క్లాస్ గ్రూపులో నేనొక మెసేజ్ పెట్టాను: "చిన్నపిల్లోణ్ణి రాత్రి షోకి ఎవరు తీసుకుపొమ్మన్నారు?" ముప్పై నాలుగు లైకులు వచ్చాయి.

ఆ రాత్రే నాయన ఫోన్ చేశాడు. "టీవీలో అంతా జైలు సంగతే చూపిస్తా ఉండారు. ఆ పిల్లోడు ఎట్లుండాడో చెప్పరేమిరా?"

ఫోన్ పెట్టేశాక నా మెసేజ్ మళ్ళీ చదువుకున్నాను. "చీకట్లో పాలబండి ఎవరు తోలమన్నారు" అన్న మాటకీ దానికీ తేడా ఏముంది?

తర్వాత హీరో, దర్శకుడు, నిర్మాతలు కలిసి ఆ కుటుంబానికి 2 కోట్ల రూపాయలు ప్రకటించారు. అది వాళ్ళంతట వాళ్ళు ఇచ్చింది. ఎవరి బాధ్యత ఎంత అని కోర్టు కట్టిన లెక్క కాదు. ఆ లెక్క గురించి నేను చూసిన ఏ చర్చలోనూ ఎవరూ అడగలేదు.

సినిమాహాల్ విషయంలో అట్లాంటి లెక్క కట్టడం సాధ్యమేనా? మన దేశంలో కట్టారు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్‌లో సినిమా నడుస్తుండగా కింద పార్కింగ్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మంటలు లేచి 59 మంది చనిపోయారు. పోయినవాళ్ళ కుటుంబాలు ఒక సంఘంగా ఏర్పడి పోరాడాయి. 2003లో ఢిల్లీ హైకోర్టు బాధ్యతని పంచింది. థియేటర్ యాజమాన్యానికి 55 శాతం, కరెంటు బోర్డు, మునిసిపల్ కార్పొరేషన్, లైసెన్సు ఇచ్చిన పోలీసు విభాగం, ఒక్కొక్కరికి 15. 2011లో సుప్రీంకోర్టు దాన్ని మార్చింది. థియేటర్‌కి 85, కరెంటు బోర్డుకి 15, మిగతా ఇద్దరికీ బాధ్యత లేదంది. పరిహారం కూడా తగ్గించింది. ఆ అంకెలతో మీరు ఒప్పుకోకపోవచ్చు, కానీ కూర్చుని లెక్క కట్టారు. ఎవరికెంత అని పేరుపేరునా రాశారు.

సంధ్య థియేటర్ కేసులో ఎవరి శాతం ఎంత అని నేను చెప్పను. అది సాక్ష్యం వినేవాళ్ళ పని. సాక్ష్యం ఏదీ వినకుండా ఆ తల్లికి నూరు శాతం వేసినవాణ్ణి నేను, ముప్పై నాలుగు లైకులతో.

ఈ వ్యాసం రాస్తూ గ్రూపులో వెనక్కి స్క్రోల్ చేసి ఆ మెసేజ్ వెతికాను. అందరికీ డిలీట్ చేసే గడువు ఎప్పుడో దాటిపోయింది. దానికే రిప్లై కొట్టాను: "ఆ పిల్లోడు ఇప్పుడెట్లున్నాడో ఎవరికైనా తెలుసా?"

చాలాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత ఒక ఫ్రెండ్, నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి ఆ పిల్లాడు డిశ్చార్జ్ అయిన వార్త పంపాడు. అది నాయనకి ఫార్వర్డ్ చేశాను.