పాస్‌బుక్కు వెంట పోయే పైసలు

అదును వచ్చిందంటే రుద్రంగి నుంచి కోరుట్ల దాకా ఏ చాయ్ హోటల్ దగ్గరైనా రైతు భరోసా పెట్టుబడి సాయం ముచ్చటే. ఆ ముచ్చట్లలో కొన్ని తప్పుడు నమ్మకాలు పాతుకుపోయాయి. వాటితో ఎక్కువగా నష్టపోయేది కౌలుదారు.

అపోహ: దున్నినోళ్లకే పైసలు పడుతయి.

పడవు. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలైన నాటి నుంచి సొమ్ము పట్టాదారు పాస్‌బుక్కు ఎవరి పేరున ఉంటే వాళ్లకే పోతోంది. సీజనుకు ఎకరానికి మొదట 4,000, మరుసటి ఏడాది నుంచి 5,000 రూపాయలు ఇచ్చారు. 2025 జనవరి 26న రైతు భరోసాగా మారి 6,000 అయింది. సాగుకు పనికిరాని గుట్టలను, ప్లాట్లుగా మారిన భూములను తీసేశారు. కౌలు రైతులకూ ఇస్తామని 2023 ఎన్నికల్లో హామీ ఇచ్చినా, సాయం మాత్రం పట్టాదారుకే అందింది.

మన దిక్కు ఇది చిన్న సంగతి కాదు. సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతాల నుంచి ఎంతోమంది గల్ఫ్‌కు పోయారు. వాళ్ల పొలాల్లో చాలావాటిని ఊళ్లో ఉన్నవాళ్లు కౌలుకో పాలుకో చేస్తున్నారు. ఎడారి ఎండలో చెమటోడ్చే పట్టాదారును తప్పుపట్టలేం. కానీ విత్తనాలకు, యూరియాకు, ట్రాక్టర్ కిరాయికి అప్పు తెచ్చేది కౌలుదారు. పెట్టుబడి సాయం అని పేరు పెట్టి, పెట్టుబడి పెట్టిన మనిషికి ఇవ్వకపోవడం అన్యాయం. సాగు చేసేవారికి ఇవ్వడం కుదరని పనేం కాదు: అమెరికా పంట సబ్సిడీ నిబంధనల్లో నగదు కౌలైతే సొమ్ము సాగు చేసేవారికి, పాలుకైతే ఇద్దరికీ పంచుతారు.

అపోహ: కౌలు కాగితం రాస్తే భూమి పోతది.

పోదు. కౌలుదారులకు 2011 చట్టం కింద ఇచ్చే రుణ అర్హత కార్డు కాలపరిమితి ఒక ఏడాదే. అది బ్యాంకు అప్పుకు, పంట నష్టపరిహారానికి ఆధారం. భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. ఈ ఒక్క భయం వల్లే ఎన్నో కౌళ్లు నోటిమాటగానే మిగిలిపోతున్నాయి.

అపోహ: కేంద్రం పైసలూ ఎకరాల లెక్కనే వస్తయి.

పీఎం కిసాన్ కుటుంబానికి ఏడాదికి 6,000, మూడు విడతల్లో. ఎకరం ఉన్నా పదెకరాలు ఉన్నా అంతే. ఆదాయపు పన్ను కట్టేవారికి రాదు. 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొన్న భూమికీ రాదు. వారసత్వంగా వస్తే వేరు. గల్ఫ్ సంపాదనతో ఆ తర్వాత మొదటిసారి భూమి కొన్నవారికి రైతు భరోసా పడి, పీఎం కిసాన్ పడకపోవడానికి కారణం ఇదే.

అపోహ: పోడు భూములకు ఏమీ రాదు.

అటవీ హక్కుల పట్టా ఉంటే రైతు భరోసా వస్తుంది. గుట్టల వెంబడి తండాల వాళ్లు ఇది గట్టిగా అడగాలి.

అపోహ: కౌలుదారుకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ఉంది కదా!

అది భూమిలేని ఉపాధి హామీ కూలీలకు. ఏడాదికి 12,000, 2023-24లో కనీసం 20 రోజులు పనిచేసి ఉండాలి. కౌలు చేస్తున్నందుకు అందులో ఒక్క రూపాయీ రాదు.

రైతు బీమా కూడా పాస్‌బుక్కు వెంటే పోతుంది. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. సొంత గుంట లేని కౌలుదారు చనిపోతే, అప్పులు మిగిలిన ఆ ఇంటికి ఈ పథకం కింద ఏమీ రాదు.