ప్రొద్దుతిరుగుడు విత్తుటకు అదను



ప్రొద్దుతిరుగుడు పైరునకు పగటి నిడివితో నిమిత్తము లేదు. కాన ఏ ఋతువునందైనను విత్తవచ్చునని చెప్పుదురు. ఈ మాట సత్యమే. కాని దీనిని నమ్మి తోచినప్పుడు విత్తిన రైతునకు చేనినిండ పూలును, కళ్లమునిండ తాలును మిగులును.

ఈ విషయమున శీతదేశముల కర్షకులు మనకంటె జాగరూకులు. అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రమున నేల వేడెక్కిన పిమ్మట, మే చివరను జూను మొదటను విత్తుదురు. లేతమొలక కొద్దిపాటి గడ్డమంచునకు ఓర్చును; మొగ్గ తొడిగిన మొక్క ఓర్వదు. కావున చలికాలపు తొలి గడ్డమంచు తమ యూర ఎప్పుడు పడునో కనిపెట్టి, గింజ ముదురుటకు వలయు దినములను వెనుకకు లెక్కించి, విత్తుటకు కడపటి దినమును నిర్ణయింతురు.

మన మైదానములందు గడ్డమంచు లేదు. మనకు శత్రువులు పూతమీది వాన, పూతమీది ఎండ. వాన పుప్పొడిని కడిగివేయును, తేనెటీగలను రానీయదు. వేడిమి 38 సెంటిగ్రేడు డిగ్రీలు మించినచో గింజ సరిగా కట్టదు. లెక్క మాత్రము వారిదే. చాల రకములు విత్తిన 55 మొదలు 65 దినములకు పూయును. ఆ పూత ఏ దినములలో పడునో ముందు చూచుకొని, అటుపిమ్మట గొర్రు కట్టవలయును.

వేసవి పైరును జనవరి రెండవ పక్షమున మొదలిడి, శ్రవణకార్తె వెడలకమునుపే విత్తి ముగింపవలయును. ఫిబ్రవరి 25న విత్తినచో పూత ఏప్రిల్ కడపటి వారమున పడును. అప్పటికి కర్నూలు, నంద్యాల సీమలలో ఎండ ఎట్లుండునో మీరెరుగుదురు. అదే విత్తనము, అదే యెరువు, అదే నీరు. మూడు వారముల జాగునకు గింజ పోవును, సంఘపు అప్పు నిలుచును.

నల్లరేగడిలో వర్షాధారపు పైరునకు హస్త, చిత్త కార్తెలు మేలు. నేలలో తేమ నిలిచియుండును, పూత చలిదినములలో వచ్చును.

చిలుకల సంగతి వేరుగా చెప్పవలెనా? ఒక్కని చేను ముందు ముదిరినచో ఊరి చిలుకలన్నియు అందే వ్రాలును. ఇరుగుపొరుగువారు ఒకే వారమున విత్తినచో నష్టము పంచుకొనబడి తేలికయగును.

పూత దినములలో తేనెటీగలు తక్కువగా నున్నచో ఉదయము 9 మొదలు 11 గంటలలోపల, దినము విడిచి దినము, మెత్తని గుడ్డతో పూవులను సున్నితముగా రుద్దుడు. ఆ వేళ పురుగుమందు చల్లరాదు.

సంకరజాతి విత్తనము ఎకరమునకు 2 మొదలు 2½ కిలోలు చాలును. వేసవి పైరు వేయదలచినవారు విత్తనపు ఇండెంటును సంక్రాంతికి ముందే సంఘ కార్యదర్శికి అందజేయుడు.