మూడు ఫుట్‌బాళ్ల మీద దిగిన విమానం

కోనసీమలో కొండ లేదు. నగరం అనే ఊరి దగ్గర వరిచేల మీద గద్ద రెక్క ఆడించకుండా పైపైకి పోతోందంటే అది ఎండకు కాగి లేచే గాలి చలవే. కొండ ఉన్నచోట ఇంకో దారి ఉంది: ఎదురుగాలి వాలుకు తగిలి పైకి మళ్లుతుంది. ఆర్విల్ రైట్ 1911లో ఇసుకదిబ్బల మీది అలాంటి గాలిలోనే ఇంజన్ లేని గ్లైడర్‌తో 9 నిమిషాల 45 సెకన్లు నిలిచాడు. పదేళ్లు ఆ రికార్డును ఎవరూ దాటలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీకి విమానాల తయారీపై విజేతలు ఆంక్షలు పెట్టారు. ఇంజన్ వద్దంటే సరే, అది లేకుండానే ఎగురుదామని కుర్రాళ్లు 1920 నుంచి ఏటా వాసర్‌కుప్పె కొండ మీద పోటీలకు చేరారు. మరుసటేడు హనోవర్ విద్యార్థులు అక్కడికి వాంపైర్ అనే ఒంటి సీటు గ్లైడర్ తెచ్చారు. రూపకర్త గేయోర్గ్ మాడెలుంగ్.

అప్పట్లో చాలా విమానాల రెక్కలకు బయట తీగల అల్లిక ఉండేది. తీగలు బలమిస్తాయి గాని గాలికి అడ్డుపడతాయి. ఇంజన్ ఉంటే కాస్త పెట్రోలు ఎక్కువ పోతుంది. లేకపోతే ఎత్తే పోతుంది. మాడెలుంగ్ రెక్కకు ఒకే దూలం పెట్టి, దాని ముందు భాగాన్ని పల్చని ప్లైవుడ్‌తో చుట్టి మూసేశాడు. వంగకుండా దూలం కాస్తుంది, మెలి తిరగకుండా ఆ మూసిన గొట్టం కాస్తుంది. నిలువునా చీలిక పడ్డ వెదురుబొంగును మెలిపెట్టి, ఆపైన చీలని బొంగును పట్టి చూడండి, తేడా చేతికే తెలుస్తుంది. దూలం వెనకంతా ఉత్త గుడ్డే. కొసకూ కొసకూ 12.6 మీటర్లున్న ఆ రెక్కకు బయట ఒక్క తీగ లేదు. ఇక దిగడానికి చక్రాలా? పొట్ట కింద మూడు ఫుట్‌బాళ్లు బిగించారు. ఇంత లెక్క వేసినవాళ్లు అక్కడ మాత్రం ఆటస్థలం నుంచి సరుకు తెచ్చుకోవడం నాకు భలే నచ్చింది.

1922 ఆగస్టులో ఆర్థర్ మార్టెన్స్ వాంపైర్‌లో గాలిలో గంట దాటాడు. కొద్ది రోజులకే హెంట్‌జెన్ అనే మరో విద్యార్థి అందులోనే మూడు గంటలు దాటించాడు.

తీగలు లేని రెక్క అందంగానే ఉంటుంది, కానీ క్లబ్బు కుర్రాళ్లు షెడ్డులో కట్టుకోవాలంటే ఖర్చు, పనితనం రెండూ చూడాలి. ఎడ్మండ్ ష్నైడర్ 1931లో గ్రునావ్ బేబీ గీసినప్పుడు ఆ ప్లైవుడ్ గొట్టాన్ని ఉంచుకుని, రెక్క కింద ఊతకర్ర మళ్లీ పెట్టాడు. ఆ గ్లైడర్లు వేలల్లో తయారయ్యాయి. 1933లో కుర్ట్ ష్మిట్ ఊతకర్ర ఉన్న ఆ బేబీలోనే 36 గంటలకు పైగా గాలిలో ఉన్నాడు.