కొండమీది ఇంటికి కదిలే మెట్లు

విజయవాడ కొండవాలు ఇళ్ళకు గ్యాస్ బండ ఎలా చేరుతుందో ఎప్పుడైనా చూశారా? కింద రోడ్డు దాకా ఆటో. అక్కణ్ణుంచి మనిషి భుజమే. సగం మెట్లెక్కాక బండ దించి, చెమట తుడుచుకుని, మళ్ళీ ఎత్తుకోవాలి. పైన ఎవరికైనా రాత్రివేళ ఒంట్లో బాగోకపోతే కుర్చీలో కూచోబెట్టి మోసుకు దిగాలి. అద్దె చవకే. మిగతాది మోకాళ్ళు కడుతుంటాయి.

దక్షిణ అమెరికాలో, కొలంబియా దేశపు మెడెలిన్ నగరానిదీ ఇదే తంటా. లోయలో ఊరు, చుట్టూ కొండలు. పల్లెల్లో తుపాకుల పోరుకు తట్టుకోలేక వచ్చినవాళ్ళు ఆ వాలంతా ఇటుక గూళ్ళు కట్టుకున్నారు. మాదకద్రవ్యాల వ్యాపారి ఎస్కోబార్ ముఠా రోజుల్లో, 1991లో, ఆ నగరంలో లక్షమందికి దాదాపు 380 హత్యలు.

ఇలాంటి బస్తీని బాగుచేయడమంటే ఖాళీ చేయించి, ఊరవతల ఫ్లాట్లు ఇవ్వడమని మనకు అలవాటు. ఇల్లు పక్కాదే, కూలి మాత్రం దూరమైపోతుంది. మెడెలిన్ మనుషుల్ని దించకుండా రవాణానే పైకెక్కించింది. 2004లో మెట్రో రైలుకు కలిపి కొండమీదికి కేబుల్ కార్లు వేశారు. లెక్కల ప్రొఫెసరు సెర్హియో ఫహార్దో అప్పుడు మేయరు. నిరుపేద పేటల్లోనే పెద్ద లైబ్రరీలు లేపాడు. 2011 డిసెంబరులో, కమ్యూన్లనే నగర విభాగాల్లో ఒకటైన 13వ కమ్యూన్‌లో ఏకంగా ఎస్కలేటర్లు పెట్టారు: ఆరు అంచెలు, 384 మీటర్లు, పైన నారింజరంగు కప్పు, ఎక్కినందుకు పైసా అక్కర్లేదు. అరగంట ఆయాసం ఆరు నిమిషాలకు దిగింది. ఇక డబ్బు సంగతి: కరెంటు, నీళ్ళు ఇచ్చే సంస్థ నగరానిదే కాబట్టి దాని లాభాల్లోంచి ఏటా కొంత నగర ఖజానాకు చేరుతుంది. ఈ సంగతి మన నగరపాలకులు రెండుసార్లు చదవాలి.

ఫలితం? కేబుల్ కారు చేరిన పేటల్నీ, చేరని అలాంటి పేటల్నీ 2003 నుంచి 2008 దాకా పరిశోధకులు పోల్చి చూశారు. చేరినచోట హత్యల తగ్గుదల 66 శాతం ఎక్కువ. అలాగని తీగలే తుపాకుల్ని ఆపాయనుకోకూడదు. అంతకుముందే, 2002 అక్టోబరులో, సైన్యం హెలికాప్టర్లతో 13వ కమ్యూన్‌లో దిగింది. అప్పుడు మాయమైనవాళ్ళ కోసం తల్లులు ఏళ్ళ తరబడి వెతికారు. ఆ తర్వాతి నెమ్మదిలో భయం పాలు ఎంతో ఏ లెక్కకు అందుతుంది?

లోపాలూ ఉన్నాయి. ఆ లైబ్రరీల్లో ఒకటి, కొండమీద నల్లరాళ్ళలా నిలిపిన ‘స్పెయిన్ లైబ్రరీ’, ప్రపంచ పత్రికలకెక్కింది, కట్టడంలో లోపాలు బయటపడి కొన్నేళ్ళకే మూతపడింది. ఎస్కలేటర్ల దగ్గర ఇప్పుడు గోడబొమ్మల ముందు విదేశీయుల సెల్ఫీలు, టీషర్టుల బేరాలు. దుకాణం ఉన్నవాడికి పండగే. పక్కింటి ముసలామెకు గోల. కదిలే మెట్లు ఆగినచోటికి పైన కూడా ఇళ్ళున్నాయి. అక్కడికి ఇప్పటికీ మామూలు మెట్లే.