ఆకారం ఒకటే - పని వేరు

పాత కంప్యూటర్ల వెనుక ఇంగ్లీషు 'డి' అక్షరంలా వుండే ప్లగ్గును అమెరికాలోని కానన్ కంపెనీ 1952లో ప్రవేశపెట్టింది. ఒక వరుసలో 13, రెండో వరుసలో 12, మొత్తం 25 పిన్నులు. ఆ ఆకారం అందానికి కాదు. తిరగేసి పెడితే దూరదు!

అయినా పొరపాట్లు తప్పలేదు. 1981 నాటి ఐ.బి.ఎం. కంప్యూటరులో ప్రింటరుకూ, సీరియల్ లైనుకూ 25 పిన్నులే. ఒకదానికి 5 వోల్టులు, రెండోదానికి 12 వోల్టుల దాకా. తీగ మారితే ప్రింటరు సర్క్యూటు కాలిపోవచ్చు. 1984లో 9 పిన్నుల ప్లగ్గు వచ్చి మరో చిక్కు తెచ్చింది. 25 పిన్నులదానిలో కంప్యూటరు 2వ పిన్నుతో పంపి, 3వ దానితో అందుకుంటుంది. 9 పిన్నులదానిలో ఇది తారుమారు.

కొన్ని ఫ్యాక్టరీల్లో కంప్యూటరుతో నడిచే పాత లేతులకు ప్రోగ్రాం యిప్పటికీ యీ తీగలోనే వెళ్తోంది. అసలు పిన్నొకటి వంగినా పని ఆగుతుంది.