దున్నిన చెయ్యి, దొరకని కాయితం

జగిత్యాల జైత్రయాత్ర అంటే ఇప్పటి పిల్లగాండ్లకు ఒక పెద్ద సభ అన్నంత మట్టుకే ఎరుక. 1978 సెప్టెంబర్ 7న పట్నం నిండ జనం వచ్చిండ్రని చెప్పేటోళ్లున్నరు. ఆ జనం తమ ఊర్లల్ల ఏం నిలబెట్టిండ్రు, అదెట్ల కూలింది అని చెప్పేటోళ్లు తక్కువ.

1977ల ఎమర్జెన్సీ ఎత్తేసినంక జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలల్ల రైతుకూలీ సంఘాలు లేసినయ్. ఎట్టి బంద్ పెట్టిండ్రు. కూలి పెంచాలన్నరు. దండుగల పేరు మీద దొర గుంజిన పైసలు వాపసు అడిగిండ్రు. దొర కింద ఉన్న బంజరు భూములల్ల నాగలి కట్టిండ్రు. మాట వినని దొర ఇంటికి చాకలి, మంగలి, పాలేరు ఎవ్వలు పోవద్దని కట్టడి జేసిండ్రు. ఎన్కట జనాన్ని వెలేసిన దొరకే ఇప్పుడు వెలి తాకింది. కొందరు గడీలకు తాళాలేసి పట్నం బాట వట్టిండ్రు. గడీల నడిచే పంచాయితీ సంఘం కాడికి వచ్చింది.

అది ఎక్కువ దినాలు నిలువలే. అదే ఏడు అక్టోబర్ల చెన్నారెడ్డి సర్కార్ ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. ఊర్లల్ల పోలీసు క్యాంపులు, కేసులు, అరెస్టులు. సంఘపోళ్లు కొందరు జైలుకు, కొందరు అడవికి పోయిండ్రు. రెండు దిక్కుల పాణాలు పోయినయ్. గుంపు చెదిరినంక దున్నెటోడు ఒంటరోడయిండు. మస్తు భూములు ఏండ్లకేండ్లు పడావు పడ్డయ్. పట్టా మాత్రం దొర పేరు మీదనే ఉండె.

అందరం సమానంగ బతుకుదామన్న ఊర్లు వేరే దేశాలల్ల కూడ లేసినయ్, కూలినయ్. 1825ల రాబర్ట్ ఓవెన్ అనే మిల్లు యజమాని అమెరికాల న్యూ హార్మనీ అనే ఊరిని పైసలు వెట్టి కొని, అందరి ఉమ్మడి అన్నడు. రెండేండ్లకే లోపలి కొట్లాటలతోని చెదిరింది. ఆడ కాయితం ఉండె, కట్టు లేకపాయె. మన దిక్కు కట్టు ఉండె, కాయితం లేకపాయె.

ఆ కాయితం ఇచ్చే తొవ్వ లేకనా? 1973ల భూపరిమితి చట్టం ఉండనే ఉండె. మిగులు భూమి దీసి, దున్నెటోని చేతిల పట్టా వెడితే ఇంత నెత్తురు కారకపోవు.

సంఘం కూలింది గని దొర ముందట చేతులు కట్టుకొని నిలవడే కాలం మళ్ల రాలే. జనం మనసుల మారింది నిలిచింది, దఫ్తర్ల మారాల్సింది మారలే. 2018ల రైతుబంధు వచ్చినా పట్టా ఉన్నోనికే పైసలు ఇచ్చిండ్రు, కౌలుకు దున్నెటోనికి సున్నానే ఉండె. జైత్రయాత్రను యాది జేసుకునేటోళ్లు ముందుగాల అడగాల్సింది గిదే: దున్నెటోని పేరు కాయితంల ఎన్నడెక్కుతది?