ఆ తేదీ పక్కన

వరి కంకులు వంగే నవంబరులో మా దివిసీమ పెద్దలకు మాట తగ్గిపోతుంది. 1977 నవంబరు 19న సముద్రం ఊళ్లమీదికి వచ్చి వేలమందిని తీసుకుపోయింది. ఇక్కడ వయసుల లెక్క కూడా ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అనే.

నాగాయలంక దగ్గర ఒక ఇంట మనుమరాలికి గుడివాడ సంబంధం కుదిరింది. పెళ్లి నవంబరులో అనగానే అందరూ నాయనమ్మ వైపు చూశారు. ఆనాడు ఆమె చేతుల్లోంచే మూడేళ్ల కొడుకు జారిపోయాడు. ఇన్నేళ్లూ ఆ నెలలో ఆ ఇంట శుభకార్యం లేదు.

ఆమె కాసేపు ఊరుకుని, "పెట్టండి అయ్యగారూ. ఆ నెలలో ఈ ఇంట ఒక్క నవ్వయినా వినబడాలి" అంది.

ఉప్పునీరు నిలిచిన చేలో మళ్లీ నాట్లు వేసిన చేతులవి!

మీ ఇంటనూ తలచుకోలేని తేదీ ఒకటుండవచ్చు. దాన్ని మరచిపోనక్కరలేదు. దాని పక్కన దేవుడిచ్చిన మరో తేదీ రాసుకోండి.